పసుపు తీయని ఫోటో

మా కణేకల్లో పెళ్ళికూతుళ్ళందరూ తెల్లగా ఉంటారు. అంటే ఫోటోల్లో. బయట మేమంతా ఎండకు కాగిన జనమే. ఆ తెలుపంతా బస్‌స్టాపు ఎదురుగా ఉన్న స్టూడియోలో తయారవుతుంది. దాన్ని నడిపేది కృపాకుమారి. నా టీ బంకులో నిలబడితే ఆ స్టూడియో అద్దాల తలుపు నేరుగా కనపడుతుంది కాబట్టి, ఆమె సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా ధైర్యం. ఆమె మొగుడు విజయభాస్కర్‌కు కూడా అంత తెలియదు. అతను బళ్ళారి పక్కన ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చిపోయే మనిషి.

నా పేరు వెంకటప్ప. నా గురించి ఒక్కటి తెలిస్తే చాలు. నా బంకు మూడు చింతచెట్ల కింద ఉంది, ఆ చెట్ల మీద రాత్రయితే కొంగలు వచ్చి పడుకుంటాయి. పొద్దున లేచి నేను మొదట కడిగేది గ్లాసులు కాదు, బంకు మీది టార్పాలిన్. ఇట్లాంటి బతుకు బతికేవాడికి కోపం కొంచెం ఎక్కువే ఉంటుంది, మీరు సర్దుకుపోవాలి.

స్టూడియో పెట్టింది కృప నాయన యేసన్న. రీళ్ళ కాలం మనిషి. ఫోటో తీసి ఊరుకునేవాడు కాదు. నెగటివ్‌ను అద్దం బల్ల మీద పరిచి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు, నలుపు అన్నీ సరిచేసేవాడు. అమ్మవారు పోసిన ముఖాలు కూడా ఆయన చేతిలో పడితే కోడిగుడ్డులా నున్నగా వచ్చేవి. జనం సంతోషంగా పట్టుకుపోయేవాళ్ళు. కృప తండ్రి కంటే నలుపు. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల ఫోటో ఒక్కటి కూడా పెన్సిల్ తగలకుండా బయటికి రాలేదు. పెళ్ళి ఫోటోకైతే యేసన్న అనంతపురం పోయి, ల్యాబ్‌వాళ్ళ పక్కన కూర్చుని మరీ తెల్లగా చేయించుకొచ్చాడు. ఆయన ప్రేమ అట్లాంటిది. ఆ ఫోటో ఇప్పటికీ స్టూడియో గోడకు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి మీ చెల్లెలా అని అడుగుతారు. కృప ఊఁ అంటుంది. ఆ ఊఁ నేను చాలాసార్లు విన్నాను, విన్నప్పుడల్లా నాకు బాగుండేది కాదు.

ఇప్పుడు యేసన్నకు చూపు సరిగా ఆనదు. పొద్దంతా నా బంకు ముందు బెంచీ మీద కూర్చుని, చప్పుడును బట్టి ఏ బస్సు వచ్చిందో చెబుతుంటాడు. పది చెబితే ఆరు తప్పు. అయినా మానడు.

కృపను పెళ్ళిలో చూడాలి. పంతులైనా పాస్టరైనా ఆమె ఆగమంటే ఆగాల్సిందే. తాళి కట్టే చేతిని గాలిలో నిలబెట్టేసి, ఇంకొంచెం ఎత్తమని, తనను చూడమని, నవ్వమని హుకుం జారీ చేస్తుంది. పెళ్ళికొడుకు మేనమామ అడ్డం వస్తే చెయ్యి పట్టి పక్కకు లాగుతుంది. ఒకసారి ఎమ్మార్వో భార్యనే వెనక వరసలోకి తోసింది. ఆ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం మా మండలంలో ఎవరికీ లేదు.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. మా వైపు నలుగు పెడితే ఊరికే తాకించి వదలరు. వదినలు, అత్తలు పోటీలు పడి ముఖమంతా పసుపు మెత్తుతారు. ఎంత కడిగినా పెళ్ళి నాటికి ఆ రంగు పోదు. లైట్ల కింద ఆ ముఖం కామెర్లు వచ్చినట్టు పడుతుంది. అందుకని కృప కంప్యూటర్లో ఒక ఏర్పాటు చేసిపెట్టుకుంది. కెమెరాలోంచి ఫోటోలు దింపుకోగానే పసుపు, ఎరుపు చాయలు వాటంతటవే తగ్గిపోయి అంతా తెల్లబడుతుంది. దాన్ని ఆమె పసుపు తీయడం అంటుంది. తీసినాక అసలు ఫోటోలను తుడిచేస్తుంది. యేసన్న కాలంలో ఒక పసుపు ముఖం ఫోటో పొరపాటున బయటికి పోయి, ఆ పిల్ల తల్లి వచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుని శాపాలు పెట్టిందట. అప్పటినుంచి అసలు ఫోటో మిగల్చకపోవడం ఆ ఇంటి కట్టుబాటు అయింది.

ఆషాఢంలో మాకు పెళ్ళిళ్ళు ఉండవు. చర్చి పెళ్ళిళ్ళకు ఆషాఢం పట్టింపు లేదు గానీ, పిలవాల్సిన చుట్టాల్లో సగం మందికి ఉంది కాబట్టి అవీ జరగవు. ఆ నెలంతా కృప పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ, ఈగలు తోలుకుంటూ, నా టీలో చక్కెర తక్కువైందని గొడవ పెట్టుకుంటూ గడుపుతుంది. పోయినేడు ఆషాఢానికి ముందు విజయభాస్కర్ ఎవరి దగ్గరో వాడేసిన పొడుగాటి లెన్సు ఒకటి తెచ్చిచ్చాడు. దాన్ని పరీక్ష చేస్తానని ఆమె ఒకరోజు పొద్దున్నే చెరువు దగ్గరికి పోయింది. ఆ పోవడం ఇక ఆగలేదు.

కాలువ నీళ్ళు అప్పటికింకా వదల్లేదు. చెరువు నడుమ కొన్ని నీళ్ళు, చుట్టూ బురద. బురదలో బర్రెలు, బర్రెల చుట్టూ కొంగలు. చిన్న తెల్లకొంగల వీపు మీద ఆ రోజుల్లో దారాల్లాంటి సన్నటి ఈకలు వేలాడుతుంటాయి. గాలికి అవి లేస్తే పెళ్ళి ముసుగు లేచినట్టే ఉంటుందని కృప తెగ సంబరపడింది. కెమెరా వెనక ఉండే చిన్న తెర నాకు చూపిస్తూ, "నేను చెప్పినట్ల నిలబడనిది మన మండలంలో ఇదొక్కటే మామా" అంది. కోపంగా అనలేదు. ముచ్చటగా అంది. ఊరందరినీ నిలబెట్టే మనిషి, కొంగ తనంతట తాను ఇటు తిరిగేదాకా బురదలో మడమల మీద కూర్చుని ఎదురుచూడటం మొదలుపెట్టింది. నాకైతే ఆమెకు ఎండదెబ్బ తగిలిందేమో అనిపించింది.

గొడ్ల వెంట తిరిగే కొంగలు మాత్రం ఆమెకు నచ్చలేదు. మేం వాటిని గొడ్ల కొంగలనే అంటాం. ఏడాదంతా తెల్లగా ఉండేవి, అప్పుడు తల, రొమ్ము, వీపు పచ్చగా ఎర్రగా అయి ఉన్నాయి. ఎర్రమన్ను దుక్కుల్లో పొర్లి వచ్చాయని ఆమె అంది. కొంగల శుభ్రత ఎంతో నా టార్పాలిన్‌కు తెలుసు కాబట్టి నేనూ ఔనన్నాను. ఫోటోలు ఎప్పటిలాగే కంప్యూటర్లోకి దిగాయి, ఎప్పటిలాగే పసుపు పోయింది, అసలువి తుడిచిపెట్టుకుపోయాయి. తెరమీద కొంగలు ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాయి.

ఆషాఢం చివర్లో రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చారు. మూడు చింతచెట్లకూ ఎర్రరంగుతో గుర్తులు కొట్టి, శనివారం రంపాలు వస్తాయని చెప్పిపోయారు. పీడ పోయిందని నేను మొదట సంతోషించాను. కృప రోడ్డు దాటి వచ్చి ఆ గుర్తుల వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

"ఇవి పోతే అవి యాడికి పోతాయి మామా?" అంది.

చెరువు నడుమ తుమ్మచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాయిలే అన్నాను. ఆ తుమ్మలు వేసవిలో పూడిక తీసినప్పుడే పోయాయని ఆమె గుర్తుచేసింది. నిజమే. కొంగలు మా చింతచెట్ల మీద నిద్రకు రావడమే గానీ గూడు పెట్టడం ఎన్నడూ లేదు. గూళ్ళన్నీ తుమ్మల మీదే. ఆ తుమ్మలు లేవు కాబట్టి ఈసారి చింతచెట్ల మీదే పెడతాయని ఆమె పట్టుబట్టింది. తెల్లారినాక కూడా కొన్ని కొంగలు కొమ్మలు వదలకుండా, ఒకదానికొకటి మెడలు చాచి చూసుకుంటున్నాయట. "నెలంతా నన్ను కూర్చోబెట్టుకోని చూపిచ్చినాయి మామా. ఇప్పుడు ఊరికే చూస్తా ఉండలేను" అంది. నేను నవ్వబోయాను. ఆమె నా బంకు వైపు చూపించి, చెట్టు పోతే ఈ నీడ పోతుంది, రోడ్డు నీ పొయ్యి మీదుగా పోతుంది, అది తెలుసా అని అడిగింది. నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి నేను కూడా కొంగల పక్షమే. నాకు వాటి మీద ప్రేమేమీ లేదు, పొయ్యి మీద ఉంది.

కృప అటవీ శాఖ రేంజర్‌కు ఫోన్ చేసింది. ఆ రేంజరమ్మ అనంతపురంలో ఏదో ట్రైనింగ్‌లో ఉంది. సోమవారం దాకా రావడానికి వీలుకాదంది. రోడ్డు పనిని ఊరికే ఆపమనడానికి లేదని, గూడు పెట్టే పక్షులున్నాయని నమ్మకం కలిగితే మాత్రం ఒక్క ఫోన్‌తో తాను వచ్చేదాకా ఆపిస్తానని చెప్పింది. ఫోటోలు పంపమంది. మాకు పండగ అయింది. ఫోటోలు తీసే మనిషినే ఫోటోలు అడిగితే ఇంకేం కావాలి? చెరువు దగ్గరివి, చెట్టు మీదివి మంచివి ఏరి కృప పంపింది.

సాయంత్రం రేంజర్ ఫోన్ చేసింది. అందరం వినాలని కృప స్పీకరు పెట్టింది. యేసన్న బెంచీ మీద ముందుకు వంగాడు.

"ఇవి నిద్రకు వచ్చేవేనమ్మా" అంది రేంజర్. "జతకట్టే కాలమొస్తే గొడ్ల కొంగకు తల, రొమ్ము, వీపు నారింజ రంగు తిరుగుతాయి. ముక్కు కూడా ఎర్రబడుతుంది. అది వాటి పెళ్ళిబట్ట అనుకో. నీ ఫోటోల్లో ఒక్కదానికీ ఆ రంగు లేదు. నిద్రకు వచ్చేవైతే ఇంకో చెట్టు చూసుకుంటాయి, వాటి కోసం నేను పని ఆపించలేను."

ఫోన్ పెట్టేసింది. మా నెత్తి మీద కొమ్మ చివర ఒక గొడ్ల కొంగ కూర్చుని ఉంది. తల నారింజ, రొమ్ము నారింజ, ముక్కు మిరపపండు. కృప దాన్ని చూసింది. నేనూ చూశాను. ఇన్నాళ్ళూ మేం మురికి అనుకున్నది అదే.

"మామా, నేను పసుపు తీసేసినా" అంది కృప.

అంత పెద్ద గొంతు మనిషి అంత చిన్నగా మాట్లాడగా నేను అప్పుడే విన్నాను. అసలు ఫోటోలేవీ లేవు. కట్టుబాటు ప్రకారం అన్నీ తుడిచేసింది.

మర్నాడు గురువారం. పొద్దున్నే పోయి మళ్ళీ తీసింది. ఈసారి కంప్యూటర్లో ఆ ఏర్పాటు ఆపేసి, ఉన్నది ఉన్నట్టు పంపింది. రేంజర్ మధ్యాహ్నం ఫోన్ చేసి, నొచ్చుకోవద్దని మొదలుపెట్టి, నిన్న తెల్లగా ఉన్నవి ఈరోజు నారింజ ఎట్లా అయ్యాయని అడిగింది. స్టూడియోవాళ్ళకు రంగు వేయడం ఎంతసేపని, పై వాళ్ళు అడిగితే తానేం చెప్పాలని అడిగింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. కృప స్టూడియోలో దిగితే కాకి కూడా కొంగయి వస్తుందని మా ఊర్లో మేమే నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు ఇప్పుడు తిరిగి వచ్చి ఆమె మీదే పడింది.

నేను నా ఫోన్‌తో తీసి చూశాను. ఆకుల నడుమ తెల్ల చుక్కలు వచ్చాయి. అవి కొంగలో, చెట్టుకు చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లో నాకే అర్థం కాలేదు.

కృప బంకు ముందు కూర్చుని టీ తాగకుండా చల్లార్చింది. ఎవరి మీదో అరిచి ఉంటే నాకు బాగుండేది. అరవలేదు. పదహైదేళ్ళుగా ఆమె చేతిలో ఉన్న పనే ఆమె మాట చెల్లకుండా చేసింది. అప్పుడు యేసన్న గొంతు సవరించుకున్నాడు. రీళ్ళ కాలంలో కలర్ ఫోటోలు అనంతపురం ల్యాబ్‌కు పోతే అక్కడివాళ్ళు తోచిన రంగులో వేసి పంపేవాళ్ళట. పచ్చ చీర నీలమై వచ్చి గొడవలయ్యేవట. అందుకని ఆయన ప్రతి రీలులో ఒక ఫోటోకు, మనిషి చేతిలో తెల్ల రుమాలు పెట్టి తీసేవాడట. రుమాలు తెల్లగా వచ్చేదాకా ల్యాబ్‌వాళ్ళు సరిచేసుకుంటే మిగతా రంగులన్నీ వాటంతటవే దారిలోకి వచ్చేవి.

"రంగు మీద అనుమానమొస్తే, అందరికీ తెలిసిన రంగు ఒకటి పక్కన పెట్టాలమ్మే" అన్నాడు. "కొంగ పక్కన రుమాలు ఎవురు పడతారో చూడు."

మేం ముగ్గురం ఒకేసారి సోమప్ప వైపు తిరిగాం. సోమప్ప బర్రెలు మేపే ముసలాయన. అప్పుడే పాలు పోసి, టీకి కూర్చున్నాడు. ఆయన తలగుడ్డ మా ఊర్లో పేరున్నది. భార్య హనుమక్క దాన్ని దినమూ ఉతికి, నీలిమందు పెట్టి ఇస్తుంది. ఎండలో కళ్ళు చెదురుతాయి. ఆయన బర్రెల మీద కొంగలు ఎక్కి కూర్చుంటాయి, ఆయనను చూసి బెదరవు. ఇంతకంటే ఏం కావాలి?

చిక్కు ఆయన దగ్గరే వచ్చింది. సోమప్పకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. ముఖమంతా గుంటలు. ఫోటో అనగానే చెంపలు తడుముకున్నాడు.

"మచ్చలు తీసేస్తావు కదా?" అని అడిగాడు.

"తీయను తాతా" అంది కృప. "నీ మచ్చ ఒక్కటి తీసినా, కొంగ రంగు కూడా అబద్ధమే అంటారు."

"మీ నాయన తీసినాడే. నా పెండ్లప్పుడు ఎంత నున్నగా వచ్చినా! ఇప్పుడు ముసిలితనంలో మచ్చలతో దిగాల్నా?"

యేసన్న తల వంచుకున్నాడు. మేం బతిమాలాం. సోమప్ప లేచి తలగుడ్డ దులుపుకున్నాడు. పోయేవాడే. పాల క్యాను కోసం వచ్చిన హనుమక్క ఇదంతా వింటూ వెనక నిలబడి ఉంది. ఆ నున్నటి ఫోటో ఆమె పెట్టెలో అడుగున ఉందట, ఎప్పుడూ బయటికి తీయదట. ఎందుకంటే అందులో ఉన్న మనిషెవరో ఆమెకు తెలియదు.

"ఆ మచ్చల మొగంతోనే కాపురం చేసినా" అంది మొగుడితో. "కొంగకు లేని సిగ్గు నీకేమిటికి? పో, పోయి నిలబడు."

సోమప్ప తలగుడ్డ మళ్ళీ చుట్టుకుని ఒప్పుకున్నాడు. హనుమక్కతో మాట్లాడి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు.

శుక్రవారం పొద్దున నేను బంకు మూసేసి మరీ చెరువుకు పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. కృప చీర కుచ్చిళ్ళు ఎగదోపి బురదలో కూర్చుంది. సోమప్ప కొత్త తలగుడ్డతో, పెళ్ళికొడుకులా బిగుసుకుని, కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను చూడొద్దు, బర్రెను చూసుకో అని ఆమె మెల్లగా చెప్పింది. కొంగలు దూరంగా తిరుగుతున్నాయి. ఎండెక్కుతోంది. సోమప్ప కాసేపటికి ఫోటో సంగతే మరిచిపోయి, బర్రె చెవి వెనక ఉన్న పిడుదును గిల్లడంలో పడ్డాడు. అప్పుడు ఒక కొంగ వచ్చి ఆ బర్రె వీపు మీద, ఆయన తలగుడ్డకు జానెడు దూరంలో వాలింది. మెడ ఎత్తి, తల మీది నారింజ ఈకలు నిక్కించింది. కృప ఊపిరి కూడా తీసినట్టు లేదు. కెమెరా మాత్రం టకటకలాడింది.

స్టూడియోలో ఆ ఫోటో తెరమీద పెట్టినప్పుడు నేను వెనక నిలబడి ఉన్నాను. బర్రె బర్రె రంగులో ఉంది. తలగుడ్డ మల్లెపువ్వు. సోమప్ప ముఖం మీద గుంటలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. పక్కనే కొంగ, పసుపు రాసుకుని పీటల మీద కూర్చున్నట్టుంది. కృప చెయ్యి అలవాటు కొద్దీ మౌస్ మీదికి పోయి, బాణం గుర్తు సోమప్ప చెంప దగ్గరికి జరిగింది. అక్కడే ఆగింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆ ఫోటో అట్లాగే పంపింది.

జవాబు రాలేదు. సాయంత్రం దాకా చూశాం. ఫోన్ చేస్తే స్విచాఫ్. శనివారం పొద్దున ట్రాక్టరు వచ్చింది. రంపాలు, తాళ్ళు, నలుగురు మనుషులు. టీ అడిగారు. నేను ఎన్నడూ లేనిది పాలు పొయ్యి మీద పెట్టి మెల్లగా కాచాను. రెండో విడత కూడా ఇచ్చాను, అడగకపోయినా. వాళ్ళలో ఒకడు మొదటి చెట్టుకు తాడు కట్టేశాడు. పైన కొంగలు అరిచి లేచాయి. కృప చెట్టు మొదట్లో నిలబడి ఉంది. ఏం చేస్తుందో ఆమెకూ తెలియదనుకుంటాను. యేసన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు.

ఫోన్ మోగింది. కృప దాన్ని నా వైపు చాపితే నేనే స్పీకరు నొక్కాను. రాత్రి చార్జింగు లేక ఫోన్ ఆగిపోయిందని రేంజర్ చెప్పింది. ఫోటో ఇప్పుడే చూశానంది.

కృప గబగబా, తాను ఏ రంగూ వేయలేదని చెప్పబోయింది.

"నాకు చెప్పొద్దమ్మా, చూసినా" అంది రేంజర్. "మచ్చలు తీయని స్టూడియో యాడుండాది? ఆ పెద్దాయన మొగాన్నే ముట్టుకోనిదానివి, కొంగకు రంగు పూసింటావా?"

ఆ తర్వాత ఆమె రోడ్డువాళ్ళకు ఫోన్ చేసింది. వాళ్ళు తాడు విప్పుకున్నారు. కృప చెట్టుకు ఆనుకుని అట్లాగే కింద కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొయ్యి పొగ అని చెప్పాను.

సోమవారం రేంజర్ మాట ప్రకారం వచ్చింది. అప్పటికి కొంగలు పుల్లలు మోస్తున్నాయి. ఒకటి పుల్ల తెస్తే ఇంకోటి అందుకుని పేర్చడం చూసి, ఆమె అక్కడే నిలబడి కాగితం రాసింది. పిల్లలు ఎగిరేదాకా చెట్టు మీద చెయ్యి వేయకూడదు. భాద్రపదం వచ్చేసరికి రెండు చెట్ల నిండా గూళ్ళు, గూళ్ళ నిండా పిల్లలు. ఆ కంపు, ఆ అరుపులు నేను వర్ణించను, మీరు భోజనం చేసి ఉంటారు. టార్పాలిన్ రెండు మార్లు కడిగాను. తిట్టుకుంటూనే కడిగాను.

దీపావళి అయినాక రోడ్డు ఇంజనీరు మళ్ళీ కొలతలు వేశాడు. గూళ్ళు లేని మూడో చెట్టు పోయింది. దాన్ని కొట్టిన రోజు కృప స్టూడియో తెరవలేదు. మిగతా రెండూ ఉన్నాయి. రోడ్డు అక్కడ కొంచెం అవతలికి జరిగి పోతుంది, బస్సులవాళ్ళు హారన్ కొట్టి విసుక్కుంటారు. నా బంకును కాస్త వెనక్కి జరుపుకున్నాను. నీడ తగ్గలేదు.

సోమప్ప ఫోటోను కృప పెద్దది వేయించి స్టూడియో అద్దాల తలుపు పక్కన పెట్టింది. మొదట్లో జనం నవ్వారు. సోమప్ప మాత్రం దినమూ వచ్చి దాని ముందు నిలబడి, కొంగ కంటే తానే బాగున్నానని అందరితో చెబుతాడు. ఫోటో చూసి హనుమక్క తన దగ్గరా ఒకటి ఉండాలని అడిగి తీసుకుపోయింది. అది పెట్టెలో లేదు, గోడకు ఉంది.

కార్తీకంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. పైవీధి ఉమాదేవి పెళ్ళికి ఫోటోలు మాట్లాడుకోవడానికి ఆ పిల్ల, తల్లి స్టూడియోకు వచ్చారు. నేను టీలు పట్టుకుపోయాను కాబట్టి అంతా విన్నాను. పెళ్ళికొడుకు తెల్లగా ఉంటాడని, తన కూతురు పక్కన తేలిపోకూడదని, ఎంత తెల్లగా వీలైతే అంత తెల్లగా చేయాలని తల్లి గట్టిగా చెప్పింది. ఉమాదేవి చామనచాయ కంటే రెండాకులు ఎక్కువ నలుపే. ఫోటోలో ఉన్న సోమప్పను, కొంగను చూస్తూ ఉంది. తల్లి ఫోన్ వచ్చి బయటికి పోగానే కృప దగ్గరికి జరిగింది.

"అక్కా, ఆ కొంగను తీసినట్లే నన్నూ తీయి. పసుపు తీసేయొద్దు. నేను నా మాదిరే ఉండాల."

కృప గోడ మీద తన పెళ్ళి ఫోటో వైపు చూసింది. చూస్తూనే తల ఊపింది. ఆ పిల్ల పోయినాక నా దగ్గరికి వచ్చి, గ్లాసు చేతిలో తిప్పుతూ అంది. "నా పెండ్లిలో ఈ మాట అడగొచ్చని నాకు తెల్దు మామా."

పెళ్ళయింది. కృప మాట నిలబెట్టుకుంది. ఆల్బమ్ తీసుకోవడానికి తల్లి వచ్చిన రోజు నేను పని మానుకుని ఎదురుచూశాను. శాపనార్థాలు పడతాయని నా అనుమానం. ఆమె ఆల్బమ్ పట్టుకుని నా బంకు ముందే కూర్చుని తెరిచింది. మొదటి పేజీలోనే నలుగు ఫోటో. ముఖం నిండా పసుపు, పసుపు కింద ఆ పిల్ల అసలు రంగు, నోరంతా తెరిచిన నవ్వు. తల్లి మొదట ముఖం చిట్లించింది. పేజీ తిప్పలేదు. వేలితో ఆ చెంపను తాకింది. అత్తగారింటికి పోయిన కూతురు అప్పటికి పది దినాలుగా కంటికి కనపడలేదు మరి.

"మా ఉమానే, వెంకటప్పా" అంది. "నవ్వుతాండాది చూడు."

మళ్ళీ ఆషాఢం వచ్చింది. కొంగలూ వచ్చాయి, పసుపు పూసుకుని. కృప పొద్దున్నే చెరువుకు పోతోంది. మొన్న కొత్తగా వచ్చినావిడ ఎవరో స్టూడియో గోడ మీద ఫోటో చూసి, మీ చెల్లెలా అని అడిగింది. ఊఁ అంటుందనే నేను అనుకున్నాను.

"కాదు, నేనే" అంది కృప. "మా నాయన తెల్లగా చేసినాడు."

ఎదురుగా బెంచీ మీద కూర్చున్న యేసన్నకు కళ్ళు ఆనవు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. విన్నాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి నా చేతికిచ్చాడు. కూతురిని ఒకసారి చెట్టు కిందికి పిలువు, ఈ రుమాలు పట్టుకుని నిలబడమను, కెమెరా నువ్వే నొక్కు అన్నాడు.

నాకు ఫోటో తీయడం రాదు. తీశాను. కొంచెం వంకరగా వచ్చింది, అందులో కృప ఉంది.